రైతు అనగా ఎవరు?

తొలకరి వానలు కురిసిన పిమ్మట తెలుగు పల్లెల పొలములకు పోయి చూచినచో కన్నుల పండువగు దృశ్యము కానవచ్చును. మోకాలిలోతు బురదలో వరుసగా నిలిచి, నడుము వంచి, స్త్రీలు నాట్లు వేయుచుందురు. నారు తీయుట, కట్టలు కట్టుట, నాటుట, కలుపు తీయుట, కోత కోయుట, ధాన్యమును తూర్పారబట్టుట, విత్తనములను ఏరి భద్రపఱచుట, పశువులకు మేత వేయుట, పాలు పితుకుట - వీనిలో స్త్రీ చేయి పడని పని అరుదు. దుక్కి దున్నుట, నీరు కట్టుట పురుషుల పనులని తలచువారు కలరు. కాని పురుషుడు పట్టణమునకు కూలికి పోయిన ఇండ్లలో ఆ పనులను సైతము స్త్రీయే నెఱవేర్చుచున్నది.

అయినను గ్రామపు భూమి లెక్కలు తీసి, ఈ ఊరి రైతులెవరని చూచినచో, ఆ పుటలలో కానవచ్చు పేళ్లు చాలవఱకు పురుషులవే. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున పనిచేయు స్త్రీలలో నూటికి సుమారు 65 మంది సొంత సేద్యము గాని, వ్యవసాయ కూలి గాని చేసి జీవించువారు. 2010-11 సంవత్సరపు వ్యవసాయ గణనలో స్త్రీల నిర్వహణలో నున్నట్లు వ్రాయబడిన కమతములు నూటికి సుమారు 13 మాత్రమే. పొలములో కనబడు మనిషి పుస్తకములో కనబడుట లేదు.

పుస్తకములో పేరు లేకున్న నేమి, పంట పండుట లేదా అని కొందఱు అడుగవచ్చును. భర్తను కోల్పోయిన ఒక రైతు స్త్రీని ఊహింపుడు. ఇద్దఱు పిల్లలు, మూడెకరముల పొలము ఆమెకు మిగిలినవి. పట్టాదారు పాసుపుస్తకము ఇంకను మామగారి పేరనే ఉన్నది. ఆమె విత్తనములకు, ఎరువులకు పంట ఋణము కోరి బ్యాంకునకు పోవును. “పాసుపుస్తకము నీ పేర నున్నదా?” అని వారు అడుగుదురు. పంట నష్టపోయి పరిహారమునకు పోయినను ఆ ప్రశ్నయే ఎదురగును. తుదకు ఆమె అధిక వడ్డీకి అప్పు తెచ్చుకొనును. పంట చేతికి రాకమునుపే సగము పంట వడ్డీకి పోవును. పిల్లలలో ఒకరు బడి మానుదురు. ఒక మాటకు అర్థము ఇరుకైనచో ఒక కుటుంబపు బ్రతుకు ఎట్లు ఇరుకగునో దీనివలన తెలియుచున్నది.

ఈ లోటును మేలైన విత్తనము తీర్పజాలదు, ఎరువు తీర్పజాలదు. దీనికి మందు చట్టములోనే ఉన్నది. ఈ విషయమును గ్రహించి, జీవితమంతయు ప్రయోగక్షేత్రములలో గడపిన ఒక శాస్త్రజ్ఞుడు వృద్ధాప్యమున పార్లమెంటులో ప్రవేశించి, రైతు అను మాట అర్థమును విశాలము చేయుటకు పాటుపడిరి. ఆయనయే డాక్టరు ఎం. ఎస్. స్వామినాథన్.

స్వామినాథన్ 1925 ఆగస్టు 7వ తేదీన తమిళనాట కుంభకోణమున జన్మించిరి. తండ్రి సాంబశివన్ శస్త్రవైద్యులు. గాంధీజీ బాటను నడచినవారు. ఊరిలో వ్యాపించిన బోదకాలు వ్యాధిని అరికట్టుటకు ఆయన ప్రజలనే కూడగట్టి దోమల నిర్మూలనకు పూనుకొనిరి. ప్రజలు ఒక్కటైనచో కానిపని లేదను పాఠమును కుమారుడు ఇంటనే నేర్చుకొనెను. కాని ఆ బాలునకు పదునొకండు ఏండ్లు నిండిన కాలముననే తండ్రి మరణించిరి. తండ్రి వలె వైద్యుడు కావలెనని బంధువులు తలచిరి.

ఇంతలో 1943లో వంగదేశమున ఘోరమైన కఱవు సంభవించెను. లక్షలాది ప్రజలు అన్నము లేక మరణించిరి. ఆ వార్తలు విన్న యువకుని మనస్సు మాఱెను. రోగికి మందిచ్చుట గొప్ప పనియే; కాని ఆకలికి మందు ధాన్యమే కదా! వైద్యుడగు తలంపును విడిచి స్వామినాథన్ కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో చేరిరి. పిమ్మట పోలీసు సర్వీసునకు ఎంపికయ్యు, ఆ పదవిని కాదని, విద్యార్థి వేతనముపై నెదర్లాండ్సునకు వెడలిరి. 1952లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము పొంది, 1954లో స్వదేశమునకు మరలి వచ్చిరి.

ఆ దినములలో మన దేశము తిండిగింజలకై పరదేశములపై ఆధారపడి యుండెను. 1966లో ఒక్క సంవత్సరముననే సుమారు ఒక కోటి టన్నుల ధాన్యము ఓడలపై దిగుమతి అయ్యెను. మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించిన పొట్టి గోధుమ వంగడములు అధిక దిగుబడి నిచ్చునని స్వామినాథన్ గుర్తించిరి. పొడుగు గోధుమకు ఎరువు ఎక్కువ వేసినచో వెన్ను బరువునకు మొక్క నేలకు ఒఱగును. పొట్టి గోధుమ నిలబడును. బోర్లాగ్ 1963లో భారతదేశమునకు వచ్చిరి. 1966లో ప్రభుత్వము మెక్సికో నుండి 18,000 టన్నుల విత్తనమును తెప్పించెను. 1966-67లో సుమారు ఒక కోటి 14 లక్షల టన్నులుగా నున్న గోధుమ పంట, మఱుసటి సంవత్సరమే సుమారు ఒక కోటి 65 లక్షల టన్నులకు పెరిగెను. దీనినే హరిత విప్లవమని లోకము కొనియాడెను.

ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ధాన్యము పెరిగినంత మాత్రమున ఆకలి తొలగిపోలేదు. 2002 జులై నెలలో ప్రభుత్వ గిడ్డంగులలో ఆరుకోట్ల టన్నులకు పైగా ధాన్యము నిలువ యుండెను. ఆ కాలముననే పేద ఇండ్లలో పొయ్యి వెలుగని దినములును ఉండెను. ధాన్యము గిడ్డంగిలో నుండుట వేఱు, పళ్లెములో నుండుట వేఱు. గిడ్డంగి నుండి పళ్లెమునకు గల దారి శాస్త్రజ్ఞుని ప్రయోగశాలగుండా పోదు. ధర, కూలి, భూమిహక్కు, చౌకధరల దుకాణము, పాఠశాలలో భోజనము - వీని మీదుగా ఆ దారి పోవును. ఇవి యన్నియు చట్టముల చేతను, ప్రభుత్వ విధానముల చేతను నిర్ణయింపబడునవి.

2004లో కేంద్రప్రభుత్వము రైతుల స్థితిగతులను పరిశీలించుటకు జాతీయ రైతుల సంఘమును నియమించి, స్వామినాథన్‌ను అధ్యక్షునిగా చేసెను. ఆ సంఘము 2006 అక్టోబరు నాటికి ఐదు నివేదికలను సమర్పించెను. సాగు ఖర్చుపై కనీసము సగము అధికముగా రైతునకు మద్దతు ధర యీయవలెనని ఆ నివేదికలలోని సిఫారసు దేశమంతట చర్చకు వచ్చెను. దానివలె ప్రసిద్ధి పొందకున్నను, వానిలో మఱియొక ముఖ్య విషయము కలదు. రైతు అనగా పట్టా గలవాడు మాత్రమే కాదు. కౌలుదారు, వ్యవసాయ కూలి, పశువులను కోళ్లను పెంచువారు, చేపలు పట్టువారు, తేనెటీగలను పెంచువారు, పోడు సేద్యము చేయు గిరిజనులు - స్త్రీలైనను పురుషులైనను వీరందఱును రైతులే యని ఆ సంఘము తలచెను. 2007లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన జాతీయ రైతు విధానములో ఈ విశాలమైన అర్థమునకు చోటు దొరకెను.

కాని విధానము వేఱు, చట్టము వేఱు. విధానము ప్రభుత్వము తన మనస్సులోని సంకల్పమును తెలుపు ప్రకటన. చట్టము పౌరుని చేతికి ఇచ్చిన హక్కు. విధానము అమలు కాకున్నచో పౌరుడు విన్నవించుకొనవచ్చును. చట్టము అమలు కాకున్నచో న్యాయస్థానమున అడుగవచ్చును. ఈ భేదమే స్వామినాథన్ శ్రమను పార్లమెంటు వైపు మరల్చెను.

మన రాజ్యాంగపు 80వ అధికరణము ప్రకారము సాహిత్యము, విజ్ఞానశాస్త్రము, కళలు, సంఘసేవ - వీనిలో ప్రత్యేక జ్ఞానమును అనుభవమును గల పన్నిద్దఱిని రాష్ట్రపతి రాజ్యసభకు నియమించును. ఎన్నికలలో పోటీ చేయుటకు పూనుకొనని పండితుల అనుభవము సైతము శాసన నిర్మాణమునకు ఉపకరింపవలెనని రాజ్యాంగ నిర్మాతల ఆశయము. 1952లో భౌతిక శాస్త్రజ్ఞుడు సత్యేంద్రనాథ బోసు ఇట్లే నియమితులైరి. 2007 ఏప్రిలులో స్వామినాథన్‌కును ఆ గౌరవము లభించెను. అప్పటికి ఆయనకు 81 ఏండ్లు నిండినవి. విశ్రాంతి తీసికొనవలసిన వయస్సున ఆయన క్రొత్త బడిలో చేరిన విద్యార్థివలె సభలో ప్రవేశించిరి.

ప్రయోగశాలకును శాసనసభకును గల భేదము చాల పెద్దది. ప్రయోగశాలలో ప్రశ్నకు సమాధానము చెప్పునది ప్రకృతి. రెండు మళ్లలో రెండు వంగడములు నాటి, పంటను తూచి చూచినచో ఏది మేలైనదో తేలును. శాసనసభలో సమాధానము చెప్పువారు మనుష్యులు. వారిలో పలు ప్రాంతముల వారు, పలు పక్షముల వారు ఉందురు. ఒకరి లాభము మఱియొకరికి నష్టముగా తోచును. అచ్చట సత్యమును చెప్పినంత మాత్రమున చాలదు, పదిమందిని ఒప్పింపవలెను. ఆ సత్యమును న్యాయస్థానమున నిలబడునట్టి మాటలలో వ్రాయవలెను. ఎవరు అర్హులు, ఎవరు ధ్రువపఱుతురు, డబ్బు ఎచ్చట నుండి వచ్చును, తప్పు జరిగినచో ఎవరిని అడుగవలెను - ఈ ప్రశ్నలకు సమాధానములు లేని సదాశయము చట్టము కాజాలదు.

స్వామినాథన్ సభ్యులుగా నున్న కాలమున మహారాష్ట్రములోని విదర్భ ప్రాంతపు ప్రత్తి రైతులు అప్పుల భారమున క్రుంగిపోవుచుండిరి. ఎన్నో కుటుంబములు ఇంటి పెద్దను కోల్పోయెను. చెన్నపట్నమున స్వామినాథన్ 1988లో నెలకొల్పిన పరిశోధన సంస్థ అచ్చటి స్త్రీలకు సేద్యమున చేయూత నిచ్చుటకు ఒక కార్యక్రమమును చేపట్టెను. పొలమును దున్నువారు లేక కాదు, ఆ స్త్రీలు నిలిచిపోయినది. తాము రైతులమని చూపుటకు కాగితము లేక నిలిచిపోయిరి. పట్టా లేనిదే ఋణము లేదు. ఋణము లేనిదే సకాలమున విత్తనము లేదు. 2010-11 కేంద్ర బడ్జెట్టులో మహిళా కిసాన్ సశక్తీకరణ పరియోజన అను పథకమునకు 100 కోట్ల రూపాయలు కేటాయింపబడెను. అది మంచి ఆరంభము. అయినను పథకము ఒకనాడు ఆగిపోవచ్చును, హక్కు ఆగిపోరాదు.

అందుచేత స్వామినాథన్ ఒక బిల్లును సిద్ధము చేసిరి. దాని పేరు మహిళా రైతుల హక్కుల బిల్లు, 2011. మంత్రులు ప్రవేశపెట్టు బిల్లులు ప్రభుత్వపు బిల్లులు. మంత్రి కాని సభ్యుడు ప్రవేశపెట్టునది ప్రైవేటు సభ్యుని బిల్లు అనబడును. రాజ్యసభలో అట్టి పనికి శుక్రవారము మధ్యాహ్నము రెండున్నర గంటల కాలము కేటాయింపబడినది. 2012 మే 11వ తేదీ శుక్రవారము నాడు, 86 ఏండ్లు నిండిన ఆ వృద్ధ శాస్త్రజ్ఞుడు తన బిల్లును సభలో ప్రవేశపెట్టిరి.

ఆ బిల్లులోని ముఖ్యాంశములు సులభముగా తెలియదగినవే. మొదటిది: భూమి తన పేర ఉన్నను లేకున్నను, సేద్యము చేయు స్త్రీ రైతే. రెండవది: ఆమె రైతని గ్రామసభ ఆమోదముతో గ్రామ పంచాయతి ధ్రువపత్రము ఈయవలెను. మూడవది: భర్త సంపాదించిన వ్యవసాయ భూమిలోను, కుటుంబ ఆస్తిలో అతనికి వచ్చు భాగములోను భార్యకు సమానమైన హక్కు ఉండవలెను. నాలుగవది: సాగునీటిపై ఆమెకు హక్కు ఉండవలెను. ఐదవది: కిసాన్ క్రెడిట్ కార్డు ద్వారా ఋణమును, విత్తనములు మొదలగు సదుపాయములును ఆమెకు అందవలెను.

వీనిలో రెండవ అంశము చాల యుక్తమైనది. భూమిపై హక్కు లేనివారికి ఋణమిచ్చినచో హామీ ఏదని బ్యాంకు అడుగుట సహజము. ఎవరు పడితే వారు రైతునని చెప్పుకొన్నచో ఎట్లని అధికారి అడుగుటయు సహజమే. ఈ ప్రశ్నలను త్రోసివేయరాదు. ఎవరు పొలములో పనిచేయుచున్నారో దూరమున నున్న కార్యాలయమునకు తెలియదు. పక్క పొలము వారికి తెలియును. కనుక సాక్ష్యము చెప్పవలసినది ఊరే. శాస్త్రజ్ఞుడు ఏ విషయమునైనను దగ్గఱగా చూచినవాని మాటకు విలువ నిచ్చును. ఆ అలవాటే ఈ ఏర్పాటులోను కానవచ్చుచున్నది.

ఇట్టి ఆలోచన తెలుగునాట క్రొత్తది కాదు. ఆ 2011వ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్ శాసనసభ కౌలుదారుల కొఱకు ఒక చట్టము చేసెను. పట్టా లేని కౌలుదారునకు ఋణ అర్హత కార్డు నిచ్చి, అతనికి బ్యాంకు ఋణము దొరకునట్లు చేయుట దాని ఉద్దేశము. ఆ కార్డు చేత నున్నను అందఱికిని ఋణము లభింపలేదు. చట్టము వ్రాయుట సగము పని. దానిని అమలు చేయుట తక్కిన సగము. అయినను, పట్టా లేకున్నను సాగు చేయువాడు రైతేయని ఒక శాసనసభ ఒప్పుకొనుట చిన్న విషయము కాదు.

పార్లమెంటులో స్వామినాథన్ బిల్లు దారి సుగమము కాలేదు. రాజ్యాంగము ప్రకారము భూమియు వ్యవసాయమును రాష్ట్రముల జాబితాలోని విషయములు. ఆస్తి పంపకము మతములవారి వేఱువేఱు చట్టములతో ముడిపడి యున్నది. అట్టి విషయమున దేశమంతటికిని ఒకే శాసనమును చేయుట కష్టము. పైగా ప్రైవేటు సభ్యుల బిల్లులు చట్టములగుట అత్యంత అరుదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట అట్లు చట్టములైనవి 14 మాత్రమే. వానిలో చివరిది 1970 నాటిది. ఈ సంగతి రహస్యము కాదు. అయినను ఆయన పూనుకొనిరి. మొలక శాతము తక్కువని తెలిసినను విలువైన విత్తనమును రైతు పారవేయడు కదా!

2013 ఏప్రిలులో స్వామినాథన్ ఆరు సంవత్సరముల సభ్యత్వ కాలము ముగిసెను. సభ్యుడు పదవీ విరమణ చేసినచో అతని ప్రైవేటు బిల్లు తనంతట తానే రద్దగును. అట్లే ఆ బిల్లును ముగిసిపోయెను. దానిని సభ ఓడింపలేదు, గెలిపింపలేదు. కాలమే దానిని ముగించెను. గోధుమ విషయమున రెండు మూడు పంటలలో ఫలితమును చూచిన శాస్త్రజ్ఞునకు ఇది వేఱొక విధమైన పొలము.

ఆ కాలముననే పార్లమెంటు ముందు మఱియొక గొప్ప బిల్లు ఉండెను. అది జాతీయ ఆహార భద్రత బిల్లు. ప్రభుత్వము దానిని 2011 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టెను. పేదలకు చౌకధరకు ధాన్యము నిచ్చుట తెలుగువారికి పరిచితమైన విషయమే. 1983లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చు పథకమును ఆరంభించెను. దానిని దేశమంతట హక్కుగా మార్చుట క్రొత్త బిల్లు ఆశయము. బియ్యము గోధుమలతో మాత్రమే శరీరమునకు పుష్టి చేకూరదనియు, జొన్న, సజ్జ, రాగి వంటి ధాన్యములను సైతము చౌకధరల దుకాణములలో ఈయవలెననియు స్వామినాథన్ పలుమార్లు వాదించిరి. ఆ ధాన్యములను ముతక ధాన్యములని పిలుచుట తగదని, అవి పోషక ధాన్యములని ఆయన చెప్పుచుండిరి. ఇచ్చటను ఆయన పట్టుదల ఒక మాటను గూర్చియే! హీనమైన పేరు పెట్టిన వస్తువును జనులు హీనముగా చూతురు.

2013 నాటి జాతీయ ఆహార భద్రత బిల్లు ఆగస్టు 26న లోక్‌సభలోను, సెప్టెంబరు 2న రాజ్యసభలోను ఆమోదము పొంది చట్టమయ్యెను. అప్పటికి స్వామినాథన్ సభలో లేరు. గ్రామములలో నూటికి 75 మందికి, పట్టణములలో నూటికి 50 మందికి మించకుండ, ఒక్కొక్కరికి నెలకు ఐదు కిలోల ధాన్యము పొందు హక్కును ఆ చట్టము కలిగించెను. బియ్యము కిలో మూడు రూపాయలకు, గోధుమ రెండు రూపాయలకు, జొన్న మొదలగు ధాన్యములు ఒక రూపాయికి ఈయవలెనని అందు వ్రాయబడెను. 2023 జనవరి నుండి ఈ ధాన్యమును కేంద్రప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది. బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు సైతము ఆ చట్టములో స్థానము కలదు. నేడు పాఠశాలలో వరుసగా కూర్చుండి భుజించు బాలబాలికలకు ఆ అన్నము దయాదానము కాదు. శాసనము ప్రసాదించిన హక్కు.

ఆ చట్టములో మఱియొక నిబంధన కలదు. రేషను కార్డు విషయమున, పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీలలో పెద్దవయస్సు గల ఆమెయే కుటుంబమునకు పెద్దగా పరిగణింపబడవలెను. పొలము పుస్తకములో చోటు దొరకని స్త్రీకి కనీసము అన్నపు పుస్తకములో మొదటి స్థానము దొరకెను. ఈ చట్టము ఒక్కరి వలన వచ్చినది కాదు. ఆకలిని గూర్చి ఉద్యమించినవారు, న్యాయమూర్తులు, అధికారులు, ఉభయసభల సభ్యులు - ఎందఱో దానికి కారకులు. స్వామినాథన్ వారిలో ఒకరు. శాసన నిర్మాణమున ఎవరికిని పంట అంతయు నాదని చెప్పు అధికారము లేదు.

ముతక ధాన్యములను గూర్చి ఆయన పట్టిన పట్టును వృథా కాలేదు. 2018లో కేంద్రప్రభుత్వము వానిని పోషక ధాన్యములుగా ప్రకటించెను. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా జరిపెను. ఆ సంవత్సరముననే సెప్టెంబరు 28వ తేదీన, 98 ఏండ్ల వయస్సున, స్వామినాథన్ చెన్నైలో కన్నుమూసిరి. 2024లో ఆయనకు మరణానంతరము భారతరత్న బిరుదము ప్రకటింపబడెను.

మహిళా రైతుల బిల్లు మాత్రము ఇంకను చట్టము కాలేదు. దానిని చూచి, ఆ శ్రమ వ్యర్థమైనదని చెప్పవచ్చునా? శాసనముల చరిత్ర తెలిసినవారు అట్లు చెప్పరు. హిందూ కుటుంబములలో తండ్రి తాతల ఆస్తిలో కుమారునితో సమానముగా కుమార్తెకును హక్కు ఉండవలెనని ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము చేసిన చట్టము 1985 సెప్టెంబరు నుండి అమలులోనికి వచ్చెను. దేశమంతటికిని అట్టి చట్టము 2005లో గాని రాలేదు. ఇరువది సంవత్సరములు పట్టెను. ఒకచోట మొలచిన ఆలోచన మఱియొకచోట ఫలించుటకు కాలము కావలెను. ఆ కాలమంతయు దానిని ఎండిపోకుండ కాపాడువారు కావలెను.

స్వామినాథన్ జీవితములో రెండు పొలములు కానవచ్చుచున్నవి. మొదటి పొలమున ఆయన గోధుమ పండించిరి. ఆ పంటను దేశమంతయు చూచెను. రెండవ పొలమున ఒక మాటను నాటిరి. అది ఇంకను మొలక దశలోనే ఉన్నది. మొదటి పనికి కీర్తి వచ్చెను. రెండవ పనికి కావలసిన ధైర్యము మొదటిదానికంటె తక్కువైనది కాదు. ఫలితము తన కన్నులతో చూడజాలనని తెలిసియు, 86 ఏండ్ల వయస్సున బిల్లును చేతబట్టి సభలో నిలుచుటకు ఎంత నమ్మకము కావలెను!

నాట్ల కాలమున పొలము గట్టుపై నడచునపుడు బురదలో వంగి పనిచేయు స్త్రీలను చూచి, వారిని కూలీలనియో, ఫలానావారి భార్యలనియో మాత్రమే తలపరాదు. ప్రతి విద్యార్థియు ఇంటికి పోయి, మన పొలము పాసుపుస్తకములో ఎవరి పేరున్నది, ఆ పొలములో ఎవరెవరు పనిచేయుచున్నారు అని పెద్దలను అడిగి తెలిసికొనవలెను. రెండు సమాధానములను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడవలెను. ఆ రెంటికిని ఎంత దూరమున్నదో, పార్లమెంటులో ఆ వృద్ధ శాస్త్రజ్ఞుడు పూర్తిచేయలేక విడిచిన పని అంత ఉన్నది. దానిని పూర్తిచేయవలసినవారు నేడు బడిలో చదువుకొనుచున్నారు.

ప్రశ్నలు

1. పాసుపుస్తకమున పేరు లేనందున రైతు స్త్రీకి కలుగు కష్టములెవ్వి?
2. విధానమునకును చట్టమునకును గల భేదమును ఉదాహరణముతో వివరింపుడు.
3. ప్రయోగశాలలో సత్యమును నిరూపించుటకును, శాసనసభలో పదిమందిని ఒప్పించుటకును గల తారతమ్యమేమి?
4. మహిళా రైతుల హక్కుల బిల్లులోని ముఖ్యాంశములను వ్రాయుడు. గ్రామసభ సాక్ష్యము ఏల అవసరము?
5. “స్వామినాథన్ జీవితములో రెండు పొలములు కానవచ్చుచున్నవి.” - ఈ వాక్యము భావమును మీ సొంతమాటలలో తెలుపుడు.